తెలుగు మాస్టారికి ఇంగ్లీషు పాఠం

12 నవంబరు 1960, చీరాల

హెడ్మాస్టరు అంకమ్మరావు గారు ఇవాళ నన్ను గదిలోకి పిలిచి ఒక కాగితం చేతికిచ్చారు. జిల్లా ఆఫీసు నుంచి వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. కళ్లజోడు ఇంట్లో మరిచిపోయానన్నాను. ఆయన నా చొక్కా జేబులోంచి పైకి కనబడుతున్న కళ్లజోడు వంక ఓసారి చూసి, తనే చదివి చెప్పారు.

సంగతేమిటంటే, నాలాగా విద్వాన్ ప్యాసై తెలుగు చెప్పే పండితులు పై తరగతులకి పాఠం చెప్పాలంటే ఇకమీదట ఇంగ్లీషు పరీక్ష కూడా ప్యాసు కావాలట. రాత పరీక్ష ఒకటి, నోటి పరీక్ష ఒకటి. ఏప్రిల్లో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి గుంటూరులో పెడతారు. వచ్చే ఏడాది ఆఖరులోగా గట్టెక్కనివాళ్లని మిడిల్ స్కూళ్లకి పంపేస్తారు.

"మీకైతే అద్దంకి అవతల ఒక ఖాళీ ఉందండీ భావనారాయణ గారూ" అన్నారాయన, ఎంతో మేలు చేస్తున్నవాడిలా.

పద్దెనిమిదేళ్లుగా ఈ స్కూల్లో ఆఖరి తరగతి సిక్స్తుఫారానికి ఛందస్సు చెబుతున్నాను. ఇప్పుడు, నలభై నాలుగో ఏట, ఇది.

భయపడటం లేదు. సంస్కృతం చదువుకున్నవాణ్ణి. ఎంత చెడ్డా ఇరవై ఆరు అక్షరాలు.

14 నవంబరు

ఇరవై ఆరు అక్షరాలే గాని ఒక్కటీ మాట మీద నిలబడదు. 'సి' అనేది ఒకచోట 'స', ఇంకోచోట 'క'. 'కె' ఉండి కూడా పలకదు. పలకనప్పుడు అక్కడ కూర్చోవటం దేనికి?

చెప్పేవాళ్లు కావాలి.

20 నవంబరు

మా స్కూల్లో ఇంగ్లీషు చెప్పే మాలకొండయ్య ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. మంచివాడు. నేను స్టాఫు రూములోకి వస్తే ఇప్పటికీ లేచి నిలబడతాడు. అడిగితే కాదనడు.

అడగను. వాడి ఉచ్చారణ అంత బాగుండదని విన్నాను. ఎవరి దగ్గర విన్నానో గుర్తు రావటం లేదు.

27 నవంబరు

దొరికారు. రిటైరైన స్టేషను మాస్టరు పిచ్చయ్య గారు. ముప్పై ఏళ్లు దొరల కింద పని చేశారు. పేరాల వైపు ఇల్లు. ఎవరైనా అడిగితే జాతకం చూపించుకోవటానికి వెళ్తున్నానని చెప్పుకోవచ్చు.

నాంచారమ్మ మటుకు నవ్వింది. "జాతకాలకి అందరూ మనింటికొస్తే మీరే గదండీ చూసేది" అంది. పెళ్లాం అన్నాక ఇంత జ్ఞాపకశక్తి ఉండకూడదు.

11 డిసెంబరు

పిచ్చయ్య గారి ఇంగ్లీషు గొప్పదే. కాకపోతే అంతా టెలిగ్రాము. ఆవు మీద వ్యాసం రాసుకురమ్మన్నారు. ఒక పేజీ రాసుకెళ్తే పెన్సిలు తీసుకుని మాట తరవాత మాట కొట్టేశారు. చివరికి "కౌ యూస్‌ఫుల్. గివ్స్ మిల్క్. లెటర్ ఫాలోస్" అని మిగిలింది.

"ఎందుకండీ ఊరికే మాటలు? దండగ" అన్నారు.

18 డిసెంబరు

పిచ్చయ్య గారికి శిష్యుడు అక్కర్లేదు, గుమాస్తా కావాలి. ఇవాళ కూడా రైల్వే వాళ్లకి అర్జీ సాఫు రాయించారు. మొత్తం పదకొండు అర్జీలైనాయి. నా చేతిరాత మటుకు మెరుగుపడింది. మానేశాను.

22 డిసెంబరు

బజారులో టైపు నేర్పే గౌస్ బాషా దగ్గరికి వెళ్లాను. చూడకుండా నిమిషానికి యాభై మాటలు కొడతాడు. ఎంత భాష వచ్చుంటే అంత వేగం అనుకున్నాను.

"మాస్టారూ, మీకు అబద్ధం ఎందుకు చెప్పాలి. నాకు కొట్టటమే వచ్చు. అది ఏమిటన్నది నన్నడక్కండి" అన్నాడు.

చీరాలలో నిజాయితీ గల మనిషి దొరికాడు గాని గురువు దొరకలేదు.

3 జనవరి 1961

నాంచారమ్మ మీద కోపంగా ఉంది. మోకాలి నొప్పికి మిషను ఆస్పత్రికి వెళ్లి, అక్కడ నర్సుతో నా సంగతంతా చెప్పేసి వచ్చింది. కాగితం, పరీక్ష, పిచ్చయ్య గారు, ఆవు, అన్నీ.

"ఎవరనుకున్నారు? దేవకుమారి అండీ. మీ దగ్గర చదువుకుందట. మాస్టారు బాగున్నారా అని తనే అడిగింది. వెల్లూరు వెళ్లి నర్సు చదువు చదివిందట, దొరసాని డాక్టరమ్మతో గడగడా ఇంగ్లీషులోనే మాట్లాడుతోంది. ఆదివారాలు ప్రార్థన అయ్యాక సాయంత్రం ఐదింటికి రమ్మంది. ఆస్పత్రి వరండాలో కూర్చోబెట్టి చెప్తానంది."

"నేను? నా దగ్గర చదువుకున్న పిల్ల దగ్గరకి?"

"అద్దంకి అవతల నీళ్లకి మైలు దూరం నడవాలట" అంది నాంచారమ్మ, మోకాలికి తైలం రాసుకుంటూ.

8 జనవరి

వెళ్లాను. గొడుగు బాగా కిందికి దించి పట్టుకుని వెళ్లాను. చినుకు లేని జనవరిలో గొడుగేసుకుని పోతుంటే ఊరంతా నన్నే చూసింది.

దేవకుమారికి ఇప్పుడు ఇరవై ఆరో ఇరవై ఏడో ఉంటాయి. తెల్ల చీర, తలకి తెల్ల గుడ్డ. ఏ సంవత్సరం నా తరగతిలో ఉందో నాకు తట్టలేదు. నాకు కుర్చీ వేసి, తను స్టూలు మీద కూర్చుంది. ఎంతో మర్యాదగా మాట్లాడింది. ఆ మర్యాదలో ఎందుకో ఒక దూరం ఉంది. ఆస్పత్రి అలవాటై ఉంటుంది.

పుస్తకం ఇచ్చి పైకి చదవమంది. చదివాను.

"నోరు తెరవండి మాస్టారూ. మాటని లోపలికి మింగేస్తున్నారు" అంది.

పద్దెనిమిదేళ్లలో నేనెంతమందితో అన్న మాట అది!

15 జనవరి

'ఎఫ్' దగ్గర తగాదా. ఫకారం రెండు పెదవులూ కలిపి పలకాలని శాస్త్రం, అన్నాను. "ఇంగ్లీషుకి ఆ శాస్త్రం తెలీదు గదండీ. పై పళ్లు కింది పెదవికి ఆనించి గాలి వదలండి" అంది. వదిలాను. ఎదురుగా బెంచీ మీద ఒక రోగి భయపడి లేచి వెళ్లిపోయాడు.

కానీ చెప్పటం తెలిసిన పిల్ల. విసుక్కోదు. తప్పు రాస్తే ఎందుకు తప్పో నాచేతే చెప్పిస్తుంది. రెండు వారాల్లో పిచ్చయ్య గారి దగ్గర నేర్చుకున్నదంతా మరిచిపోగలిగాను. ఉత్తరాలకి విషయాలు పది రాసిచ్చింది, ఒక్కొక్కటే ఇంటి దగ్గర రాసుకురమ్మంది.

ఏప్రిల్లోనే ప్యాసవుతానని నమ్మకం కుదిరింది.

22 జనవరి

ఇవాళ 'వి' కీ 'డబల్యూ' కీ తేడా రాలేదు. ఎంత ప్రయత్నించినా రెండూ ఒకటే పలుకుతున్నాయి. చెమటలు పట్టాయి. ఆ పిల్ల నవ్వలేదు.

"పర్లేదండీ మాస్టారూ, వస్తుంది. నాకూ చిన్నప్పుడు 'శ' పలికేది కాదుగా" అంది.

ఎందుకన్నదో. పాఠం మటుకు బాగా జరిగింది.

23 జనవరి

నాకేం గుర్తు లేదు.

24 జనవరి

ఏడాదికి వందమంది పిల్లలు. ఎవరికి ఏ అక్షరం పలకలేదో నేనెక్కడ గుర్తు పెట్టుకోను? పలక్కపోతే దిద్దటం నా ఉద్యోగం. దిద్ది ఉంటాను.

29 జనవరి

ఆస్పత్రికి వెళ్లలేదు. జలుబు.

5 ఫిబ్రవరి

వెళ్లలేదు. వాన వచ్చేట్టుంది.

(రాలేదు.)

12 ఫిబ్రవరి

ఒక స్థాయికి వచ్చాక ఎవరికి వారు చదువుకోవటమే మేలు. గురువు మీద మరీ ఆధారపడితే సొంత బుద్ధి ఎదగదు. ఇంట్లోనే గంటసేపు చదివాను. నాంచారమ్మ పక్క గదిలోంచి "మింగేస్తున్నారు" అని కేకేసింది.

19 మార్చి

నాంచారమ్మ మోకాలికి మళ్లీ ఆస్పత్రికి వెళ్లింది. దేవకుమారి అడిగిందట: "మాస్టారి జలుబు తగ్గిందాండీ?"

అంతే అడిగిందట.

16 ఏప్రిల్

నిన్న గుంటూరులో పరీక్ష. తెనాలిలో బండి మారి వెళ్లాను. మిరపకాయల రోజులు. స్టేషన్లో దిగింది మొదలు తుమ్ములే. రాత పరీక్ష ఏదో రాశాను. నోటి పరీక్షలో ఎదురుగా కోటు తొడుక్కున్న ఒకాయన కూర్చుని పుస్తకంలో ఒక పేరా చదవమన్నాడు. మొదటి వాక్యంలోనే 'వి' ఒకటి, 'డబల్యూ' ఒకటి పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. ఆ రెంటినీ చూడగానే నోరు మూసుకుపోయింది. ఆయన "ఎస్, ఎస్" అని రెండుసార్లు అని, గడియారం చూసుకుని, పంపేశాడు.

ఫలితం ఫలానా అని ఇప్పుడే చెప్పలేం. ఒక్కోసారి మనం బాగా రాయలేదనుకున్నవే బాగా రాసి ఉంటాం.

10 జూన్

తప్పాను. రెండూ తప్పాను.

11 జూన్

సాయంత్రం మల్లెపూలు కట్టుకుంటూ నాంచారమ్మ అడిగింది.

"ఆ అమ్మాయితో ఏమైందండీ?"

"ఏం కాలేదు."

"ఏం కాకపోతే ఆదివారం వచ్చేసరికి మీకు జలుబెందుకు చేస్తోంది?"

తను దండ ముడేసి, దారం పంటితో తెంపింది. "నన్ను ఎంతయినా దెప్పండి, పడతాను. చెప్పనిది మటుకు నేను మోయలేనండీ" అని లోపలికి పోయింది.

తనకి చెప్పలేదు. ఇక్కడ రాస్తాను.

నాకు గుర్తుంది. జనవరిలో ఆ పిల్ల అన్న రోజునే గుర్తొచ్చింది. 1948. ఇన్స్పెక్టరు వస్తున్నాడని నేను స్వాగత పద్యం ఒకటి అల్లాను. 'శుభోదయ' అని మొదలవుతుంది. అప్పట్లో దాని మీద నాకు చాలా అభిమానం. ఎవరు చదువుతారని తరగతిలో అడిగితే ఆడపిల్లల బెంచీలోంచి ఒక్క చెయ్యి లేచింది. దేవకుమారి. అంతకుముందు రోజు బోర్డు మీద రాసిన పద్యం నాలుగు పాదాలూ కంఠతా పట్టుకొచ్చింది. లేచి, 'సుబోదయ' అంది. మళ్లీ అనమన్నాను. మళ్లీ అలాగే అంది. మళ్లీ అనిపించాను.

అప్పుడన్నాను: "నీకు పద్యాలెందుకే? మీ గుళ్లో పాటలు పాడుకో, పో."

తరగతి గొల్లుమంది. నేనూ నవ్వాను. ఆ పిల్ల నిలబడే ఉంది, కూర్చోమని ఎవరూ చెప్పలేదు గనక. ఆ తరవాత పిల్లలు తనకి 'సుబోదయం' అని పేరు పెట్టారు. పొద్దున్నే గేటు దగ్గర అలా పిలిచేవాళ్లు. నేను వినలేదు అని ఇక్కడ రాయబోయి ఆగాను. విన్నాను. చాలాసార్లు విన్నాను. ఒకసారి నాకూ నవ్వొచ్చింది.

ఇంకోటి కూడా రాయాలి. నేను సంస్కృత కళాశాలలో చేరిన కొత్తలో పాఠం చెప్పే ఒకాయన నా సంధి తప్పు పట్టి, "మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చోక నీకెందుకురా ఇది" అన్నాడు. మా నాన్న అప్పటికి నా ఫీజు కోసం రాత్రిళ్లు కూడా అదనంగా నేస్తున్నాడు. ఆ మాట అన్నవాణ్ణి నేను ఈ రోజుకీ క్షమించలేదు. ఆయన పోయి కూడా పదేళ్లయింది.

18 జూన్

ఆస్పత్రికి వెళ్లాను. ఐదింటికి సరిగ్గా. దేవకుమారి నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. కుర్చీ వేసింది. పరీక్ష సంగతి నాంచారమ్మ అప్పటికే చెప్పేసింది కాబోలు, అడగలేదు.

జనవరిలో తను రాసిచ్చిన ఉత్తరాల పట్టీలో ఐదోది 'చేసిన తప్పుకి క్షమాపణ కోరుతూ ఒక ఉత్తరం'. అది రాసుకెళ్లాను. నాలుగు రోజులు కూర్చుని రాశాను. నాలుగు రోజుల్లో ఒకప్పుడు శతకం సగం రాసేవాణ్ణి. చేతికిచ్చి, దిద్దమని చెప్పి, వచ్చేశాను. పాఠానికి కూర్చోలేదు.

ఇంగ్లీషులో రాయటం సులువే. మాటలు మనవి కావు గనక గుచ్చుకోవు.

25 జూన్

ఉత్తరం తిరిగి ఇచ్చింది. నిండా ఎర్ర సిరా. 'ఐ యాం సారీ ఫర్ ఐ లాఫ్డ్' అని నేను రాసినచోట చివరి రెండు మాటలు కొట్టేసి 'లాఫింగ్' అని దిద్దింది.

"బాగుందండీ. పదికి ఆరు. అపాలజీలో ఒక్కటే 'పి' మాస్టారూ, మీరు రెండు వేశారు" అంది.

నేను తలూపాను. లేద్దామనుకున్నాను.

"ఇది ఎవరికి రాశారండీ?"

"నీకేనమ్మా."

"నాకైతే ఇంగ్లీషులో ఎందుకు? మీకు తెలుగొచ్చుగా."

కోపంగా అనలేదు. మామూలుగా, మందు ఎన్నిసార్లు వేసుకున్నారని అడిగినట్టు అడిగింది. నాకు తెలుగొచ్చు. అలంకారాలన్నీ వచ్చు. ఆ వరండాలో ఒక్కటీ రాలేదు. లోపల ఎవరికో పురుడు పోస్తున్నారు, కేకలు వినబడుతున్నాయి. ఉత్తరం మడత పెట్టి చెప్పాను.

"తప్పు చేశానమ్మా. నలుగురిలో నిన్ను చూసి నవ్వాను. వాళ్లు నవ్వుతుంటే ఆపలేదు. నీకు నేర్పాల్సింది, నేర్పలేదు."

దేవకుమారి ఎర్ర కలానికి మూత పెట్టింది.

"ఆ ఏడాదంతా నేను గంట కొట్టాకే వచ్చేదాన్ని మాస్టారూ. ముందొస్తే గేటు దగ్గర అందరూ ఆ పేరు పెట్టి పిలుస్తారని. మిషను గోడ పక్కన నిలబడి గంట కోసం చూసేదాన్ని. లేటొచ్చానని మీరు బెంచీ ఎక్కించేవారు."

ఇది నాకు గుర్తు లేదు. ఈసారి నిజంగానే గుర్తు లేదు. గుర్తు లేకపోవటం ఇంకా సిగ్గుగా ఉంది.

పర్లేదు అంటుందేమోనని చూశాను. అనలేదు. అననందుకు నాకు ఆ పిల్ల మీద గౌరవం కలిగింది. పుస్తకం తెరిచి నా ముందుకి జరిపింది.

"'వి' చెప్పండి. పళ్లు పెదవికి ఆనాలి" అంది.

చెప్పాను.

26 జూన్

నాంచారమ్మకి అంతా చెప్పాను. విని, "ఇదా!" అనలేదు. "పాపం, గోడ పక్కన ఎండలో" అంది. కాసేపటికి "పదమూడేళ్లు మోసింది" అంది. ఈ రాత్రికి కూర వండలేదు, పచ్చడే వేసింది. అదే తిన్నాను.

16 జూలై

మాలకొండయ్యని అడిగాను. వారంలో మూడు రోజులు స్కూలు వదిలాక స్టాఫు రూములోనే గ్రామరు చెబుతానన్నాడు. ఉచ్చారణ బ్రహ్మాండంగా ఉంది. ఆ రూమరు ఎవరు పుట్టించారో.

కానీ ఒక చిక్కు. నేను తప్పు చెప్పినప్పుడల్లా "క్షమించండి మాస్టారూ" అని తనే లేచి నిలబడుతున్నాడు. కూర్చోబెట్టటానికే సగం టైము పోతోంది.

27 ఆగస్టు

'వి' వచ్చింది. 'డబల్యూ' వచ్చింది. రెండూ ఒకే వాక్యంలో వచ్చాయి. దేవకుమారి మొదటిసారి నవ్వింది. పరీక్షకి వారం ముందు ఒకసారి అదనంగా రమ్మంది. నైటు డ్యూటీ దిగి, నిద్ర మానుకుని చెప్తుందట. వద్దన్నాను. "మీరు మళ్లీ తప్పితే ఇంకో ఏడాది నేను ఆ 'ఎఫ్' వినాలి గదండీ" అంది.

17 సెప్టెంబరు

గుంటూరు నుంచి ఇప్పుడే దిగాను. ఆ కోటాయనే. ఈసారి పేరా మొత్తం చదివాను. ముగించాక తలెత్తి, ఇంగ్లీషు ఎక్కడ నేర్చుకున్నారని అడిగాడు.

"ఇన్ హాస్పిటల్ సర్" అన్నాను.

ఒంట్లో జబ్బేమిటని అడిగాడు. ఏం చెప్పానో తెలీదు. కంగారులో "ప్రైడ్ సర్" అన్నానేమో. ఆయన మార్కులు వేస్తూ నవ్వుకోవటం మటుకు చూశాను.

9 నవంబరు 1961

ప్యాసు. రాతలో నలభై ఒకటి, నోటి పరీక్షలో అరవై రెండు. సిక్స్తుఫారం నాకే ఉంచుతున్నట్టు ఆఫీసు గుమాస్తా చెప్పాడు. అంకమ్మరావు గారు సెలవులో ఉన్నారు.

సాయంత్రం నాంచారమ్మ చేసిన అరిసెలు పట్టుకుని ఆస్పత్రికి వెళ్లాను. దేవకుమారి వార్డులో ఉందన్నారు. వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. చూస్తే పక్కన అంకమ్మరావు గారు. పెద్దమ్మాయి పురిటికొచ్చిందట, మనవరాలు పుట్టింది. ఆనందంలో ఉన్నారు. నా భుజం తట్టి, "విన్నానండీ! ఎవరి దగ్గర చదివారేమిటి? మన మాలకొండయ్యేనా? ఇంకా ఎవరన్నా పెద్దవాళ్లా?" అని గట్టిగా అడిగారు. వరండాలో ఇరవైమంది ఉన్నారు. సగంమంది మా స్కూలు పిల్లల తల్లులూ తండ్రులూ.

సరిగ్గా అప్పుడు దేవకుమారి తలుపు తీసుకుని బయటికొచ్చింది. నేను లేచి నిలబడ్డాను.

అంకమ్మరావు గారు నన్నూ ఆమెనీ మార్చి మార్చి చూశారు. "మీ శిష్యురాలా?"

"కాదండీ. నేనే ఈవిడ దగ్గర చదువుకున్నాను."

ఆయన వేళాకోళం అనుకుని పెద్దగా నవ్వారు. నేను నవ్వకపోయేసరికి ఆపేశారు. బెంచీల మీద గుసగుసలు మొదలయ్యాయి. ఎవరో వెనక "తెలుగు మాస్టారే!" అన్నారు.

"ఎన్నండీ?" అంది దేవకుమారి.

"నలభై ఒకటి. నోటిది అరవై రెండు."

"రాత యాభై దాటుతుందనుకున్నాను మాస్టారూ. వ్యాసంలో తొందరపడి ఉంటారు" అని అరిసెల పొట్లం అందుకుంది. తెరిచి ఒకటి అంకమ్మరావు గారి చేతిలో పెట్టింది, ఒకటి తను కొరికింది. "నాంచారమ్మ గారిని రేపు వచ్చి మోకాలు చూపించుకోమనండి" అంది. లోపలినుంచి ఎవరో పిలిచారు. వెళ్లటానికి తిరిగింది.

నాకు సిగ్గు వేయలేదని రాయను. వేసింది, చెవులు కాలిపోయాయి. అయినా ఆవిడ వార్డులోకి వెళ్లి తలుపు వేసుకునేదాకా కూర్చోలేదు.